మూడో గది తలుపు

'తీపి ఖైదు' కేకుల కొట్టు జైలరు గారికి,

నమస్కారం పెట్టేంత శాంతంగా లేను. అయినా పెడుతున్నాను, ఉత్తరమన్నాక పెట్టాలని మా అక్క అంది కాబట్టి.

నేను వెల్డరుని. బడిలో చదువు ఏడుతో ఆగింది. ఆ తర్వాతదంతా పొట్లాం కాగితాల మీదా పాత పేపర్ల మీదా నేను చదువుకున్నదే. అందుకని మెలికలు తిప్పకుండా రాస్తాను. మీ గోడ మీదున్న నా కాగితం పీకెయ్యండి. ఇవాళే.

ఏ కాగితమో చెప్తాను. మూడు వారాల కిందట మా మేనకోడలు పరీక్షలో గట్టెక్కిందని మీ కొట్టుకి తీసుకొచ్చాను. తినడానికి జైలుకెళ్ళడమేంటే అంటే "మామయ్యా, అందరూ వెళ్తున్నారు" అంది. సరే. గుమ్మంలోనే చారల చొక్కా తొడిగారు. మెడలో పలక వేసి ఫోటో తీశారు. నా పలక మీద నలభై ఏడు. మమ్మల్ని మూడో గదిలో పెట్టి ఊచల తలుపు వేశారు. 'జీవిత ఖైదు' అనే మూడంతస్తుల చాక్లెట్ కేకు అడిగాను. కేకు రాలేదు, కాగితం వచ్చింది. పైన 'నేరం ఒప్పుకోలు' అని ఉంది. ఒప్పుకుంటేనే కేకట!

మీ వార్డరు పెన్సిలిస్తూ "రాసెయ్ బాబూ, మనసు తేలికవుతుంది, కాగితం మా దగ్గరే ఉంటుంది" అన్నాడు. మా దగ్గరే అంటే బీరువాలో అనుకుంటాడు మనిషన్నవాడు. మా మేనకోడలు "బొమ్మ జుట్టు కత్తిరించి తమ్ముడి మీద చెప్పాను" అని రాసింది. పక్క గదిలో ఒకాయన "ఆఫీసులో పక్కవాడి గొడుగు ఎత్తుకొచ్చాను" అని రాసి పకపకా నవ్వుతున్నాడు. నేను మాత్రం బుద్ధిలేక నిజం రాశాను. ఎనిమిది నెలలుగా గొంతులో ఇరుక్కున్నది రాశాను. పేరు పెట్టలేదు కానీ అలవాటు కొద్దీ అడుగున నా గుర్తు గీసేశాను.

నిన్న మేనకోడలు స్నేహితురాళ్ళతో మీ దగ్గరకొచ్చి, ఇంటికి పోయి, "మామయ్యా, నీ కాగితం గోడెక్కింది! చుట్టూ రంగు లైట్లు కూడా పెట్టారు!" అని గెంతులేసింది. తింటున్న కంచం వదిలేసి మీ కొట్టుకి పరిగెత్తాను.

కౌంటరు దగ్గర అడిగితే "అప్పీళ్ళన్నీ రాతలోనే, పెట్టెలో వెయ్యండి" అన్నారు. వేస్తున్నాను. పీకండి.

ఇట్లు,
మంట దగ్గర పనిచేసే, ప్రస్తుతం మంట మీదే ఉన్న
వెల్డరు

తా.క.: మీ మూడో గది తలుపుకి పైనున్న మడత బందుకి వేసిన అతుకు చూశాను. అది వెల్డింగు కాదు, చీమిడి. పైన గడ్డకట్టింది, లోపల పట్టలేదు. వేసిన గాడిద ఎవడో గానీ వాడి చేతికి మళ్ళీ రాడ్డు ఇవ్వకండి.



ఖైదీ నంబరు నలభై ఏడుకి,
కారాగార పాలకవర్గం దీవించి రాయునది.

మీ అప్పీలు అందింది. వార్డర్లమంతా చుట్టూ చేరి చదువుకుని చప్పట్లు కొట్టాము. మా ఆటలో ఇంతగా లీనమైన ఖైదీ ఇంతవరకు తగల్లేదు. "పీకండి" అన్న ఒక్క మాటలో ఎంత కోపం పలికించారండీ! మిగతావాళ్ళు ఐస్‌క్రీమ్ కరిగిందని మాత్రమే అప్పీలు చేస్తారు.

విచారణ జరిపి మీ అప్పీలు కొట్టివేస్తున్నాము. మీ ఒప్పుకోలు 'ఈ నెల మేటి నేరం'గా ఎన్నికైంది. కాబట్టి నెలాఖరు దాకా గోడ మీదే శిక్ష అనుభవించాలి. సత్ప్రవర్తన కింద ఒక పుడ్డింగు కూపను జతచేశాము.

ఇట్లు,
జైలరు

తా.క.: మీ అక్షరాలు మరీ చిన్నవని పెద్దవయసు ఖైదీలు గొణుగుతున్నారు. అందుకని పెద్దది చేయించి వీధి వైపు అద్దానికి కూడా అంటించాము. గొడుగు నేరస్థుడు తనకి రెండో స్థానమే వచ్చిందని అలిగి వెళ్ళిపోయాడు.



జైలరు గారికి,
ఈసారి నమస్కారం లేదు. అక్క చెప్పినా పెట్టను.

ఆట కాదండీ బాబూ! ఎన్నిసార్లు చెప్పాలి?

మొన్న సాయంత్రం నేనే వచ్చి కుర్చీ ఎక్కి కాగితం మీద చెయ్యేశాను. మీ వార్డర్లిద్దరూ "ఖైదీ పారిపోతున్నాడు" అని ఈల ఊది, చంకల్లో చేతులు వేసి నన్నెత్తుకెళ్ళి మూడో గదిలో పడేశారు. జనమంతా లేచి చప్పట్లు. ఒకావిడ తన పిల్లని నా పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుంటూ "కాస్త నవ్వండి" అంది. నేను ఏడుస్తున్నానని ఒక్కరూ చూడలేదు. వెళ్ళేటప్పుడు చేతిలో బిస్కెట్టు పెట్టారు.

ఆ కాగితంలోని మేస్త్రి కల్పన కాదు. ఉన్నాడు. పదహారేళ్ళప్పుడు నేను వెల్డింగు షాపు గుమ్మంలో నిలబడి పని అడిగితే అందరూ పొమ్మన్నారు, ఆయన లోపలికి రమ్మన్నాడు. నల్లద్దం నా కళ్ళకి అడ్డం పట్టి మొదటిసారి మంట చూపించాడు. మా షాపులో ఎవరి అతుకు పక్కన వాళ్ళు ఉలి మొనతో తమ గుర్తు కొట్టాలి. ఆయనది ఒక నిలువు గీత. నీకే గుర్తు కావాలిరా అంటే తల గోక్కున్నాను. "నా గీత పక్కన మూడు చుక్కలు పెట్టుకో, మిరపకాయ్" అన్నాడు. గీత, మూడు చుక్కలు. నాకున్న ఆస్తి అదే.

ఎనిమిది నెలల కిందట ఒక ఇంటికి పెద్ద గేటు చేశాం. నాలుగు బందుల్లో రెండు ఆయన వేశాడు, రెండు నేను వేశాను. అన్నిటికన్నా పైది నాది. స్నేహితులు ఆట చూడ్డానికి రమ్మని బయట కేకలేస్తుంటే, లోపలిదాకా కరిగించకుండా పైపైన లాగించేశాను. పది రోజులకి గేటు ఊడి ఆ ఇంటాయన కారు మీద పడింది. అదృష్టం, కారులో ఎవరూ లేరు. గేటు షాపుకి తెచ్చారు. ఎవరూ చూడకముందే గ్రైండరు తీసుకుని నా గుర్తు గీకేశాను. అరనిమిషం పట్టింది.

షాపు యజమాని వచ్చి "ఈ అతుకు ఎవరిది?" అన్నాడు. మేస్త్రి ఆ బందుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "నాదే అయ్యుంటుంది" అన్నాడు. పొమ్మన్నారు. ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి నల్లద్దం కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయాడు. నేను రెండడుగుల దూరంలో గ్రైండరు వైరు చుట్టుకుంటూ నిలబడ్డాను.

ఆయన మీ వీధిలో నడుస్తాడు. నా నోటి నుంచి వినాల్సిన మాటని మీ కేకుల పక్కన చదవకూడదు. చెప్పడానికి ఆయన గుమ్మం దాకా నాలుగుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. ఈ ఆదివారం ఐదోసారి వెళ్తాను. ఈసారి తలుపు కొడతాను. ఆలోగా అది తీసెయ్యండి. మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
నేరస్థుడు. నిజంగానే.

తా.క.: మీ పుడ్డింగు కూపను తిప్పి పంపుతున్నాను. ఇంకో మాట, మీ వాళ్ళు నన్ను పడేసినప్పుడు ఆ తలుపు ఇంకో వేలెడు జారింది. ఆ గాడిదని పిలిపించండి.



గౌరవనీయులైన రచయిత గారికి,
జైలరు నమస్కరించి రాయునది.

మీరు నిజంగా వెల్డరేనని ఇన్నాళ్ళూ నమ్మాము. మన్నించాలి. వైరు చుట్టుకుంటూ నిలబడ్డాడని రాయడం చెయ్యి తిరిగినవాళ్ళకి గానీ రాదని మా క్యాషియరు మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు. మా గోడకి నెలకో పది ఒప్పుకోళ్ళు రాసిపెడతారా? అన్నీ ఏడిపించేవి వద్దు. అత్తగార్లవి రెండు మూడు, సరదాగా.

ఇక తలుపు. మీరు అన్నిసార్లు అన్నారు కాబట్టి, అది చేసినాయన్నే పిలిపించాము. ఫిర్యాదు ఉన్నదున్నట్టు చేరవేయడం మా పద్ధతి కాబట్టి 'గాడిద', 'చీమిడి' రెండూ చెప్పాము. పెద్దాయన తలూపాడు.

ఇట్లు,
జైలరు

తా.క.: చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా జైల్లో దొంగతనం జరిగింది. ఆ పెద్దాయన మీ కాగితం ముందు నిలబడిపోయాడు. కాసేపటికి కుర్చీ అడిగాడు. ఐస్‌క్రీమ్ తింటారా అంటే వినిపించుకోలేదు. అడుగునున్న గీతనీ చుక్కలనీ వేలితో తడుముతూ కూర్చున్నాడు. తర్వాత కాగితం ఊడదీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అద్దం మీదున్నదీ చింపేశాడు. వార్డర్లు ఈల ఊదారు కానీ ఆయన మొహం చూసి దగ్గరకెళ్ళలేదు. ఇప్పుడు గోడ మీద లైట్లు మాత్రం వెలుగుతున్నాయి, మధ్యలో ఏమీ లేదు.



జైలరు గారికి,
నమస్కారం. రెండు చేతులూ జోడించి పెడుతున్నాను.

ఆయన ఎడమ మణికట్టు మీద చొక్కా బొత్తామంత కాలిన మచ్చ ఉందా? ఆ ఒక్కటి రాయండి చాలు.

ఇట్లు,
గాడిద అన్నవాడు

తా.క.: ఏమీ లేదు.



ఒరే మిరపకాయ్,

మచ్చ ఉంది.

జైలరు నీ ఉత్తరాలన్నీ నా చేతిలో పెట్టి "పెద్దాయనా, దీనికి మీరే జవాబు రాయండి, మాకు భయమేస్తోంది" అన్నాడు. చారల చొక్కాల జనం మధ్య కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నవ్వకు.

ముందు గాడిద సంగతి. గేటు పడ్డ రోజున ఆ బందు మీద గుర్తు లేదు. ఏ బందు ఎవరు వేశామో గుర్తులేదు, హడావిడిలో నేనే వేసి గీత కొట్టడం మర్చిపోయాననుకున్నాను. అప్పటికే సాయంత్రాలు కళ్ళు మసకగా ఉండేవి, ఎవరికీ చెప్పలేదు. అంటే నా చెయ్యి పోయిందన్నమాటే అనుకున్నాను. అది మొదలు రాడ్డు పట్టుకుంటే వణుకు. రెండు నెలల తర్వాత ఈ తలుపు చేసినప్పుడూ వణికింది. చీమిడేనని నాకూ తెలుసు. అందుకే పక్కన గీత కొట్టలేదు. నువ్వు గీకావు, నేను కొట్టనేలేదు. ఏం తేడా?

నీ కాగితం చదవగానే ముందు సంతోషమేసింది. ఆ అతుకు నాది కాదు! ఎనిమిది నెలలు నా చేతిని నేనే తిట్టుకున్నాను రా. తర్వాత కోపమొచ్చింది. ఇంకా ఉంది. గేటు పడినందుకు కాదు, కుర్రతనంలో నేనూ ఒకటి పడేశాను. ముందు నాకు చెప్పకుండా కేకుల కొట్టు గోడకి చెప్పావే, అందుకు.

షాపుకి నేనిక వెళ్ళను. యజమానికి జరిగింది నువ్వు చెప్పుకో. పోయిన ఎనిమిది నెలలు ఆయనా తెచ్చివ్వలేడు, నువ్వూ తెచ్చివ్వలేవు.

ఆదివారం మా ఇంటికి రాకు, ఇక్కడికి రా. కింది బందు కొత్తగా వేశాను. చెయ్యి వణకలేదు. పక్కన గీత కొట్టాను. పై బందు ఊడదీసి తలుపుని గోడకి ఆనించి వదిలేశాను. అది నువ్వు వెయ్యాలి. లోపలిదాకా కరిగించు. నేను కుర్చీ వేసుకుని చూస్తుంటాను. నీ చుక్కల పక్కన నా గీత ఉండొచ్చో లేదో, అతుకు చల్లారాక చెప్తాను.

ఇట్లు,
మీ మేస్త్రి

తా.క.: నువ్వు తిప్పి పంపిన కూపనుతో పుడ్డింగు తిన్నాను. బావుంది. కాకపోతే ముందు ఒప్పుకోలు రాస్తేనే ఇస్తామన్నారు. నువ్వు మా గుమ్మం దాకా వచ్చిన నాలుగుసార్లలో రెండుసార్లు మా ఆవిడ కిటికీలోంచి చూసింది. "వాడు ఎండలో నిలబడ్డాడు, పిలవనా?" అంది. పని పోయిన మొహం నీకు చూపించలేక నేనే వద్దన్నాను. అదే రాసి, అడుగున గీత గీసిచ్చాను. గోడకి పెట్టారు. లైట్లు ఎలాగూ వెలుగుతూనే ఉన్నాయి కదా.