చలానా వెనక పేజీ

చిరంజీవి కన్నకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మీ నాన్నా, మన డ్రైవింగ్ స్కూలు కార్లు రెండూ క్షేమం. షెడ్డులో నీ కారు కూడా క్షేమమే. నువ్వు వేళకి తింటున్నావనీ, వేళకి పడుకుంటున్నావనీ నీ ఉత్తరం చెప్పింది గానీ, దాని మాట నేను పూర్తిగా నమ్మలేదు.

మీ అంబులెన్సు శిక్షణ కేంద్రంలో ఫోన్లు తీసి దాచేస్తారని మొదట్లో తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ నియమం పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తోంది. ఫోనైతే నేను రెండు మాటలనేలోపే నువ్వు "పోనీలే అమ్మా" అంటావు, నేను అక్కడితో ఆపేస్తాను. కాగితం అలా అడ్డు తగలదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నాన్న దగ్గు తగ్గింది. కార్లు కడుగుతూ పాటలు పాడడం మళ్ళీ మొదలుపెట్టారు, కాబట్టి తగ్గినట్టే. నీలం కారుకి క్లచ్ ప్లేట్లు మార్పించాం. కొత్తగా నేర్చుకుంటున్న దర్జీ ఆయన వాటి అంతు చూసేలా ఉన్నాడు. కుట్టుమిషను తొక్కినట్టే తొక్కుతాడు, కాలు ఒక్క క్షణం ఊరుకోదు. ఇక నా మోకాలి సంగతి. ముప్పై ఒక్కేళ్ళుగా పక్కసీటులో కూర్చుని, నేర్పేవాళ్ళ కోసం అమర్చిన రెండో బ్రేకు తొక్కిన కాలు కదా, నొప్పి ఎక్కడికి పోతుంది. అయితే ఈమధ్య దానికి కాస్త విశ్రాంతి దొరికింది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇప్పుడు నీ ఉత్తరంలో రెండో పేజీ. దాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. అంబులెన్సు చేతికిచ్చే ముందు అందరి డ్రైవింగ్ రికార్డులూ తెప్పించారనీ, నీ దాంట్లో ఎర్రలైటు దాటినట్టు చలానా, దానికి శిక్షగా మూడు పాయింట్లూ ఉన్నాయనీ, ఆ సంగతి తేలేదాకా నిన్ను స్టీరింగు ముట్టుకోనివ్వకుండా స్ట్రెచర్ల పనిలోనే ఉంచుతామన్నారనీ రాశావు. తేదీ చూస్తే పోయిన వేసవిలో నువ్వు సెలవుకి వచ్చిన ఆదివారం. ఆ పొద్దున నీ కారులో స్నేహితుడింటికి వెళ్ళొచ్చావు. సిగ్నల్ దాటినట్టు గుర్తే లేదన్నావు. "గుర్తు లేకుండా దాటానంటే ఇంకా భయంగా ఉందమ్మా. నిన్న ప్రాక్టీసులో పచ్చలైటు దగ్గర కూడా బ్రేకు వేసేశాను" అని రాశావు. అట్టడుగున, చోటు లేనట్టు చిన్న అక్షరాలతో, ఈ సంగతి మన స్కూల్లో ఎవరికీ చెప్పొద్దనీ, నీ వల్ల నా బోర్డుకి మచ్చ రాకూడదనీ రాశావు.

ఆ బోర్డు నీకు తెలిసిందే. 'ముప్పై ఒక్కేళ్ళు, ఒక్క చలానా లేదు' అని నాన్న పెయింటుతో రాసి, ఆఫీసు తలుపుకి ఎదురుగా తగిలించారు. ఏటా ఆ అంకె మార్చడం ఆయనకో ముచ్చట, వచ్చినవాళ్ళు దాన్ని చదివేదాకా ఆగి అప్పుడు నమస్కారం పెట్టడం నాకో ముచ్చట.

దీనికి దారేమైనా ఉందా అని అడిగావు. ఉంది. మన 'రివర్సు పిల్ల' గుర్తుందా? మన దగ్గర నేర్చుకునేటప్పుడు కారు వెనక్కి పోనివ్వమంటే కళ్ళు మూసుకునేది. ఇప్పుడు లాయరు. తన ఆఫీసులో ఫైళ్ళ మధ్య నాకు కుర్చీ ఖాళీ చేసి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. చలానా వచ్చాక జరిమానా కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టేనట. ఇక విచారణ ఉండదు, పాయింట్లు నేరుగా రికార్డులోకి ఎక్కి మూడేళ్ళు కూర్చుంటాయి. కట్టకుండా నెలలోపు రాసిస్తే కోర్టులో మన మాట చెప్పుకోవచ్చు. ఆ సమయంలో బండి నడిపింది వేరేవాళ్ళయితే ఆ పేరు రాసిచ్చే ఫారం కూడా ఉంటుంది. ఇదంతా చలానా వెనక పేజీలోనే అచ్చు వేసి ఉందట. కట్టేశాక తిరగదోడాలంటే మాత్రం అర్జీ పెట్టుకోవాలి, గట్టి కారణం చూపించాలి. అదేదీ వద్దనుకుంటే రెండు రోజుల రోడ్డు భద్రత తరగతికి వెళ్ళొస్తే పాయింట్లు తీసేస్తారు, కానీ ఎర్రలైటు దాటిన మనిషి అన్న మాట ఆ పేరు మీద అలాగే ఉండిపోతుంది.

ఇంత వివరంగా అమ్మకెలా తెలిసిందా అనుకుంటున్నావు కదూ. కాస్త కూర్చుని చదువు నాన్నా.

ఆ ఆదివారం సాయంత్రం నువ్వు నిద్రపోతుంటే, మందుల దుకాణానికని నీ కారు తీసుకెళ్ళాను. పెద్ద కూడలి దగ్గర నా ముందు ఒక ఎల్ బోర్డు కారు. మన స్కూలుది కాదు, ఎవరిదో. లోపల కుర్రాడు ఇంజను రెండుసార్లు ఆపేశాడు. వెనక హారన్లు. నేనిక్కడ నా సీటులో కూర్చుని "క్లచ్ మెల్లగా వదులు, మెల్లగా బాబూ" అంటున్నాను, వాడికి వినబడుతున్నట్టు. మూడోసారికి బండి కదిలింది. అప్పటికే పసుపు లైటు. వాడు బయటపడ్డాడన్న సంబరంలో నేనూ వాడి వెనకే పోనిచ్చాను. నా కళ్ళు వాడి చక్రాల మీద ఉన్నాయి గానీ లైటు మీద లేవు. ఇన్నేళ్ళూ పక్కవాళ్ళు నడుపుతుంటే చూసీ చూసీ, నడుపుతున్నది నేనేనన్న సంగతే మర్చిపోయాను.

రెండు వారాలకి నీ పేరు మీద చలానా వచ్చింది. ఫొటోలో నీ కారు వెనక భాగం, దాని ముందు ఆ ఎల్ బోర్డు, పైన ఎర్రలైటు. నాకు మొదట గుర్తొచ్చింది గోడ మీది బోర్డు. ఆ పూటే నా కార్డుతో జరిమానా కట్టేసి, చలానాని సొరుగు అడుగున పడేశాను. వెనక పేజీ తిప్పలేదు. రోడ్డు గుర్తుల పుస్తకం చివరి అట్టదాకా చదవందే ఎవరినీ స్టీరింగు ముందు కూర్చోనివ్వను నేను. అలాంటిదాన్ని ఒక్క కాగితం తిప్పలేదు. కట్టేస్తే పీడ పోయిందనుకున్నాను. పీడ నీ నెత్తిన పెట్టానని నీ ఉత్తరం వచ్చేదాకా తెలీదు.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. రివర్సు పిల్ల ఆ భద్రత తరగతి సంగతి చెప్పగానే నా మనసు దానిమీదకి పోయింది. నువ్వు వెళ్ళొస్తే పాయింట్లు పోతాయి, నీ పని నీకు దొరుకుతుంది, నా బోర్డు గోడ మీదే ఉంటుంది, ఎవరికీ తెలియదు. రెండు రోజులు అలాగే ఊగిసలాడాను. మూడో రోజు నీ ఉత్తరం మళ్ళీ తీశాను. ఆ చిన్న అక్షరాలు కనబడ్డాయి. చేయని తప్పుకి నీ మీద నువ్వే నమ్మకం పోగొట్టుకుంటూ కూడా నా పరువు గురించి రాశావు. అప్పుడు ఏడ్చాను, దాచుకోవడం దేనికి. నాన్నకి మొత్తం చెప్పాను. ఆయన వెళ్ళి బోర్డు మేకు ఊడదీసే పట్టుకారు తెచ్చారు.

పోయిన సోమవారం కోర్టుకి వెళ్ళాం. కోర్టంటే ఏమిటో అనుకున్నాను, బ్యాంకులో కౌంటర్ల గదిలా ఉంది. నీ సంతకం అవసరం పడలేదు. కట్టింది నేనేనని రసీదు చెబుతోంది, నడిపింది నేనేనని ప్రమాణపత్రం రాసిచ్చాను. మేజిస్ట్రేటు నాకన్నా చిన్నావిడ. కాగితాలు రెండుసార్లు చూసి, ముందు బండిని చూస్తూ లైటు దాటేశారా అని అడిగింది. అవునండీ, ఆ అబ్బాయి క్లచ్ మరీ తొందరగా వదిలేస్తున్నాడండీ అన్నాను. గదిలో అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. కళ్ళజోడు తీసి, "ఇది మీ మీదకి మారిస్తే నేర్పే లైసెన్సు మూడు నెలలు ఆగిపోతుంది. తెలిసే అడుగుతున్నారా?" అంది.

"తెలుసండీ. మా అబ్బాయి రికార్డు వాడికి ఇచ్చేయండి. నా తప్పు నాకివ్వండి" అన్నాను.

ఒకరి పేరు మీద ఇంకొకరు కట్టడం తప్పేనని బాగా చివాట్లు పెట్టి, అర్జీ ఒప్పుకుంది. ఆ చివాట్లకీ ఆవిడకి రుణపడి ఉన్నాను. రివర్సు పిల్ల ఫీజు తీసుకోనంది. తను ఏడ్చిన రోజున కారు పక్కకి ఆపించి, ఏడుపు అయ్యేదాకా మాట్లాడకుండా కూర్చున్నానట. నాకు గుర్తే లేదు. అన్నిటికన్నా ఎక్కువ నీకు రుణపడ్డాను కన్నా. నువ్వు ఆ రెండో పేజీ రాయకపోతే నేను ఆ బోర్డు కింద కూర్చుని ఇంకా నమస్కారాలు తీసుకుంటూ ఉండేదాన్ని.

కాబట్టి మోకాలికి మూడు నెలలు సెలవు. పాఠాలు నాన్న చెబుతున్నారు. దర్జీ ఆయన దెబ్బకి పాటలు కాస్త తగ్గాయి. భద్రత తరగతికి నేనే వెళ్ళొచ్చాను, ముందు వరసలో కూర్చున్నాను, రెండు ప్రశ్నలు తప్పు చెప్పాను. బోర్డు ఉన్నచోట ఇప్పుడు ఆ చలానాని అద్దం కట్టించి తగిలించాం. ఎల్ బోర్డు వెనక నీ కారు, పైన ఎర్రలైటు. అడిగినవాళ్ళకి నడిపింది నేనేనని చెబుతున్నాను. ఎప్పటికన్నా శ్రద్ధగా వింటున్నారు.

దీంతోపాటు కోర్టు ముద్ర వేసిన నీ రికార్డు నకలు పెట్టాను. అందిన రోజే మీ పై అధికారి చేతికివ్వు. అందులో నీ పేరు కింద అంతా ఖాళీ. ముందూ వెనకా తిప్పి చూసే కవర్లో పెట్టాను.

మళ్ళీ బండి చేతికిచ్చినప్పుడు పచ్చలైటు పడితే ఆగకు నాన్నా. వెనక ఎవరో ఊపిరి బిగబట్టుకుని పడుకుని ఉంటారు. వెళ్ళు. ఆ రోజు లైటు దాటింది నువ్వు కాదు.

ఇట్లు,
మూడు నెలలు పక్కసీటు లేని
మీ అమ్మ