నొప్పి లేని పుండు

వెరాక్రూజ్, జూన్ 4

ప్రియమైన చెల్లి ఎర్మీనియాకి,

నువ్వు పంపిన కాఫీ పొడి అందింది. నా సంగతంటావా, కుడికాలు మొరాయిస్తోంది. చౌకులో దాన్సోన్ నాట్యం మొదలై నాలుగు అడుగులు వేసేసరికి పిక్క పట్టేస్తోంది. కూర్చుంటే పోతోంది. "నాట్యం నేర్పే మాస్టారికే పాట సగంలో బెంచీ కావాలా?" అని నాతో జంటగా ఆడే రుఫీనా అందరి ముందూ ఆటపట్టించింది.

మొన్న మడమ బెణికితే ఎక్స్‌రే తీశారు. ఎముకల పక్కన రక్తనాళాలు కూడా సుద్దగీతల్లా తెల్లగా కనిపించాయి. "ముప్పై ఏళ్ళ షుగరు కదా, సున్నం పట్టింది" అన్నాడు డాక్టరు. చీలమండకి పట్టీ చుట్టి రక్తపోటు చూస్తే చేతికంటే కాలికే చాలా ఎక్కువ! అంటే కాలికి రక్తం దండిగా అందుతున్నట్టేగా? కొత్త బూటు కరిచి బొటనవేలి పక్కన చిన్న పుండు పడింది, అంతే.

నీ అన్న,
ఎవారిస్తో

హలాపా, జూన్ 11

ప్రియమైన అన్నయ్యా,

ఆ అంకెకి నువ్వు సంబరపడుతున్నావు, నాకేమో చెమటలు పట్టాయి. ఇరవై ఆరేళ్ళు నర్సుగా చేసినదాన్ని, విను. మెత్తటి నాళమైతే పట్టీ బిగిస్తే అణుగుతుంది. సున్నం పట్టి బిగిసిపోయినది అణగదు. అందుకే అంకె అంత పెరుగుతుంది, లోపల రక్తం సరిగ్గా పారకపోయినా సరే. కాలి వేలి దగ్గర రక్తపోటు కొలిచే పరీక్ష ఉంటుంది. ఈ వారమే చేయించుకో. పుండు ఏ రంగులో ఉందో రాయి.

నీ చెల్లి,
ఎర్మీనియా

వెరాక్రూజ్, జూన్ 20

ప్రియమైన చెల్లీ,

నీ కంగారు నీదే! ఈ ఆదివారం ఇరవై జంటలు నాట్యానికి దిగుతున్నాయి. అది కానివ్వు, చూద్దాం. పుండు నొప్పి అసలు లేదు. అంచు నల్లబడింది, చెక్కు కడుతోందేమో. పడుకున్నప్పుడు కాలు మంచం కిందికి వేలాడేస్తే హాయిగా ఉంటోంది.

నీ అన్న,
ఎవారిస్తో

హలాపా, జూన్ 25

అన్నయ్యా,

నొప్పి లేదన్నావు చూడు, అదే నా భయం. షుగరు నరాల్ని మొద్దుబార్చేసింది. కాలు కిందికి వేలాడేస్తేనే దానికి రక్తం అందుతోంది. ఆ నలుపు చెక్కు కాదు. ఈ ఉత్తరం వెనకాలే బస్సెక్కుతున్నాను. ఆదివారం చౌకులో కనిపించావో, చెవి పట్టుకుని లాక్కొస్తాను.

నీ
ఎర్మీనియా

వెరాక్రూజ్ ఆసుపత్రి, సెప్టెంబరు 2

ప్రియమైన చెల్లీ,

మొన్న హలాపా తిరిగి వెళ్ళేదాకా రెండు నెలలు నా మంచం పక్కనే ఉన్నావు. అయినా నీ మొహం చూసి చెప్పలేకపోయిన మాట ఒకటుంది. డాక్టరు ఎక్స్‌రే తీసిన రోజే చెప్పాడు, "ఈ అంకెని నమ్మొద్దు" అని. వేలి పరీక్షకి చీటీ కూడా రాసిచ్చాడు. నేను చొక్కా జేబులో కుక్కేసి, నీకు సగమే రాశాను. నాన్న కాలు తీసేశాక ఐదు నెలలే బతికాడు కదా, ఆ లెక్కే బుర్రలో తిరిగింది. నువ్వు కూడా 'బాగానే ఉంది' అనేస్తే అదే నిజమైపోతుందనుకున్నాను.

మూడు వారాల ముందు వచ్చుంటే వేలితో పోయేదట. మోకాలి కింద నుంచి కాలే పోగొట్టుకున్నాను.

రుఫీనా వచ్చింది. "కొత్త కాలితో నా కాలు తొక్కావంటే ఊరుకోను" అని కోప్పడి, బయటికెళ్ళి ఏడ్చింది.

ఈ ఉదయం ఎడమపాదం చల్లగా తగిలింది. బొటనవేలు పాలిపోయింది. నర్సుని పిలిచి చూపించాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వేలి పరీక్షకి చక్రాల బండి తెచ్చారు, వెళుతున్నాను.

నీ అన్న,
ఎవారిస్తో