రాఘు వేసిన పసుపు పడుగు

2007 ఆగస్టు 3

దినాలు అయిపోయాయి. వచ్చినవాళ్లు బస్సులెక్కారు. బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా పోతోందట. మగవాళ్లు నా కొడుకు రాఘును అందులో కలిపి వచ్చారు. నేను ఇంట్లోనే… మగ్గం దగ్గర.

పసుపు పడుగు, ఆ నిలువు పోగులు, అలాగే ఉంది. రాఘు వేసింది. సగం నేశాం, నేనూ వాడూ. గుడ్డకు పరీక్ష ఎప్పుడో హైదరాబాద్‌లో కనుక్కొస్తానని బండి తీశాడు. తిరిగి వస్తుంటే కొత్తకోట దగ్గర లారీ.

ఆగస్టు 4

ఆడబిడ్డ పోతూ పోతూ గడపలో నిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే అన్నది: "తుపాకి గుండు ఆపే గుడ్డ నేస్తనని ఊరంత చెప్పిండు గదా వదినె. ఒక్క లారీని ఆపుకోకపాయె."

ఆమె మనసులో విషం లేదు. అయినా ఆ మాట ఇల్లంతా తిరుగుతోంది.

ఆగస్టు 6

అన్నం సహించడం లేదు.

ఆగస్టు 7

గుర్తొస్తోంది. రాఘు మొదటిసారి ఆ దారం తెచ్చిన రోజు. పసుపులో ముంచినట్టు ఉంది. లాగితే వేలు కోసుకుంది, దారం తెగలేదు.

"సిపాయిలు వేసుకునే కోటుకు కుట్టున్న కాడనే గుండు దూరుతదమ్మా. మన చీరకు ఒంటికీ అంచుకూ నడుమ కుట్టుంటదా? ఉండదు. మగ్గం మీదనే నూలూ పట్టూ ఒకదాన్నొకటి పట్టుకుంటయి. గదే నాకు గావాలె."

"సిపాయిలకు గద్వాల చీరలు కట్టిస్తవా ఏందిరా?"

"కట్టిస్త. జర ఆగి చూడు."

వాడు మగ్గం గుంతలో కూర్చునేవాడు. నేను అంచు వైపు, పక్కన. వాడు "ఊఁ" అంటే అడ్డపోగుతో నా నాడె పోవాలి. నేను "ఆఁ" అంటే వాడిది. ఇద్దరు లేకపోతే ఆ అతుకు పడదు…

ఇప్పుడు ఎవరు అంటారు?

ఆగస్టు 9

వనపర్తి నుంచి ఖాజా వచ్చాడు. రాఘూ వీడూ పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ. షెడ్డు కూడా ఇద్దరిదీ. మేం నేసిన గుడ్డను అక్కడ పొరలు పొరలుగా అతికించి మిషన్ కింద నొక్కుతారు. ఖాజా లోపలికి రాలేదు. గడప పట్టుకుని నిలబడ్డాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"హైదరాబాదోళ్లు పరీక్ష ఈ నెలాఖరుకు ఇచ్చిన్రమ్మా. మళ్ల ఇయ్యరు. గుడ్డ తీస్కపోకుంటే రాఘు చేసిందంత వట్టిదైతది."

"ఎట్ల చేస్తరు పరీక్ష?" తెలిసే అడిగాను.

తల దించుకున్నాడు. "చెక్కకు బిగిస్తరు. ఎదురుంగ నిలబడి… కాలుస్తరు."

"కాల్చినంక మళ్ల ఇంటికిస్తరా?"

"ఇయ్యరమ్మా. కోసి చూస్తరు."

గుండు ఆగితే గుడ్డ పోతుంది. ఆగకపోతే నా రాఘు పోతాడు, ఇంకోసారి.

పొమ్మన్నాను. పోయాడు పాపం.

ఆగస్టు 10

నిన్న పోతూ ఖాజా అన్నాడు — "ఏ తల్లి కొడుకుకో అడ్డం పడ్తది గదమ్మా."

నా కొడుకుకు ఏం అడ్డం పడింది?

పాపపు మాట. రాశాను కదా, కొట్టెయ్యను. ఉండనీ.

ఆగస్టు 12

పొద్దున పొయ్యి దగ్గర ఒక ఆలోచన. నేసింది మగ్గం ముందు కర్రకు, దోనెకు, చుట్టి ఉంది, పైన పాత దుప్పటి కప్పి ఉంది. నేయాల్సిన పడుగు ఇంకా అంతే ఉంది. మిగిలింది నేసి వాళ్లకు ఇస్తాను. దాన్ని కాల్చుకోనీ. వాడి చేయి పడ్డది నా పెట్టెలో ఉంటుంది.

చౌరస్తాలో డబ్బా ఫోన్ నుంచి ఖాజాకు చేశాను. "అంచు దిక్కు కూసుంటవా?"

"నాకు నేత రాదమ్మా."

"నేర్పుత."

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తున్నాడని తెలిసింది. నాకు ఏడుపు రాలేదు.

ఆగస్టు 14

నేను గుంతలో, రాఘు చోట. తొక్కుడు కర్రలు వాడి పాదాలకు అరిగి ఉన్నాయి. ఖాజా అంచు వైపు. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పీటను తన్నాడు, నాడెను తన్నాడు.

"గవేం కాళ్లు బిడ్డా, తాటిమొద్దుల తీరు?"

"రాఘు గూడ గిదే అంటుండె."

ఇద్దరం నవ్వాం. నవ్వి ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

వేలెడంత నేశాం. ఖాజా లాగుడు వదులు. కళ్లు లేనివాడు తడిమినా చెబుతాడు, ఇక్కడి వరకు రాఘు, ఇక్కడి నుంచి వేరే ఎవరో అని. విప్పేశాను. మళ్లీ నేద్దాం. చేతికి రావాలంటే టైం పడుతుంది.

ఆగస్టు 17

ముసురు. ఖాజా రాలేదు. పిండి గిర్నీకి పోయి వచ్చాను. గడపలోనే గంజి వాసన.

మా ఇంటాయన, రాఘు అయ్య, మగ్గం దగ్గర. చేతిలో కుంచె. పసుపు పడుగు పొడుగునా గంజి. బొట్లు బొట్లుగా కారుతోంది. ఎంత నెమ్మదిగా, ఎంత ముద్దుగా రాస్తున్నాడో… పసిపిల్లకు నూనె రాసినట్టు.

"మగ్గం ఆగి ఎన్ని దినాలాయె. ముసురుకు పోగులు అంటుకుంటయి. పిల్లగాని పడుగు తెగుతదని పూసిన." నా మొహం చూశాడు. "ఏమే… తప్పా?"

పుట్టిన నాటినుంచి ఆయన చేయి చేసే పని అదే. చూపు తగ్గి నేయడం మానినా గంజి మానలేదు. ఈ దారానికి తడి తగలొద్దని రాఘు నాకు చెప్పాడు. అయ్యకు చెప్పలేదు. చీరలు వదిలి ఇదేం పని అని ఆయన అన్న నాటి నుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు తక్కువ.

నేను ఏమీ అనలేదు. అంటే ఆయన బతకడు.

ఆగస్టు 18

ఖాజా పోగులు పట్టి చూశాడు. వాసన చూశాడు.

"కడుగుదమా?"

"కడిగినా లోపట ఉంటదమ్మా. గిది నూలు గాదు. పొరలు సరిగ అతకవు. పరీక్షల నిలవదు." కొత్త దారం? అది దేశం బయటి నుంచి రావాలి. అదీ రాఘు తిరిగి తిరిగి, బతిమాలి తెచ్చింది.

ఇద్దరం దోనె వైపే చూశాం. దుప్పటి కింద అది పొడిగా ఉంది. రాఘూ నేనూ నేసింది. అదొక్కటే పనికొస్తుంది.

వెనక ఆయన ఉన్నాడని చూసుకోలేదు.

"నా చేతులు నరుకుండ్రి" అన్నాడు.

ఖాజా పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "కాకా, గట్లనకు. నువ్వు గట్లంటే వాడు ఊకుంటడా?"

ఆగస్టు 21

ఆయన కుంచెను పెంట మీద పారేశాడు. తెచ్చి కడిగి పెట్టాను. ఎందుకో తెల్వదు.

ఆగస్టు 23

దుప్పటి తీసి గుడ్డ విప్పి చూశాను. చేత్తో తడిమాను. మగ్గం ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోటల్లా సన్నని గీత పడుతుంది, ఎంత నేర్పరికైనా. ఇదిగో, రాఘు ఇక్కడ చాయ్‌కి లేచాడు. ఇక్కడ కరెంటు పోయింది, "థూ" అన్నాడు. ఇక్కడ ఫోన్ వచ్చింది. ఇక్కడ మళ్లీ చాయ్. వాడి రోజులు ఇందులో ఉన్నాయి. ఫోటోలో కూడా ఇంత లేడు.

చివరి గీత దగ్గర వేలు ఆగిపోయింది. ఆ తర్వాత ఉత్త పోగులే. గంజి ఎండి కట్టెల్లా.

ఆగస్టు 25

మా ఇంటి కత్తెర ఈ గుడ్డకు పట్టదు, జారుతుంది. ఖాజా షెడ్డు కత్తెర తెచ్చి మగ్గం మీద పెట్టాడు.

"ఎల్లుండి పొద్దుగాల బస్సుకు వస్త. ఇస్తే తీస్కపోత. ఇయ్యకుంటే… నిన్నేమననమ్మా. షెడ్డుకు తాళమేస్త, గంతే."

గుడ్డ కోసినా పడుగు కొసలు, పోగులు దూర్చే అచ్చులోనే ఉంచుతాం. కొత్త పడుగును వాటికే అతుకుతాం. మా అత్త వేసిన పోగుకు నా పోగు, నా పోగుకు వాడి పోగు. ఈ మగ్గం ఎప్పుడూ ఖాళీ కాలేదు. దీన్ని కోస్తే కొసలకు ఏం అతకాలి?

కోయకపోతే… వాడు ఊరంతా చెప్పింది నిజమో కాదో ఎవరికీ తెలియదు. ఆడబిడ్డ మాటే మిగులుతుంది.

ఆగస్టు 27

ఖాజా వచ్చాడు. ఆయనే తలుపు తీశాడు. ఇన్నాళ్లకు ఆయన గొంతు విన్నాను — "కూసో బిడ్డా. దాన్ని పిలవకు. జర ఉండనియ్."

నేను గుంతలో ఉన్నాను. కత్తెర ఒళ్లో. బరువుగా ఉంది. రాఘు పట్టు పడి పిడి నల్లబడింది.

"అమ్మా, బస్సు టైమైతుంది" అంటున్నాడు మెల్లగా.

ఊఁ… అన్నాను. అంచు వైపు నుంచి ఆఁ అని రాలేదు.

కత్తెరను చివరి గీత మీద ఆనించి లేస్తున్నాను. ముందు చాయ్ పెట్టాలి.