జడ పట్టుకునే చేయి

గురువారం, పడుకునే ముందు

తమ్ముడి పెళ్లికి ముహూర్తం కుదిరిందని మలేషియా నుంచి అమ్మ ఫోన్ చేసింది. నేనప్పుడు ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. సంతోషం కన్నా ముందు భయం వేసింది. ఛీ, ఏం మనిషిని!

నేను పుట్టింది అక్కడ, ఇంకా ఆ దేశపు పౌరురాలినే; భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలంటే దానికి ముందు ఏడాదంతా ఈ దేశం దాటకూడదు. సగమే గడిచింది, పెళ్లేమో వచ్చే నెలలోనే, అక్కడే. మినహాయింపు అడగొచ్చట, ఇస్తారన్న నమ్మకం లేదట. ఇవ్వకపోతే ఆ ఏడాది మళ్లీ మొదటి నుంచి.

తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురి జడ పైకెత్తి పట్టుకోవాల్సింది ఆడపడుచునైన నేనే. "పర్లేదక్కా, పిన్ని కూతురు పట్టుకుంటుందిలే" అన్నాడు తమ్ముడు, అమ్మ దగ్గర ఫోన్ తీసుకుని. అంత తేలిగ్గా ఎలా అన్నాడు?

చందానగర్‌లో ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ మండిపడింది. "ఒక్కడే తమ్ముడు, పోకుంటే ఎట్లనే? కాయితం ఇయ్యాల కాకుంటే రేపొస్తది." మా ఆయన మాత్రం టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఇన్నేండ్లు ఆగినం, ఇంక జర ఓపిక పట్టు" అన్నారు. ఆగింది నేను, ఆయన కాదు.

ఇందాక పాపకి జడ వేశాను. చివర రబ్బరు బ్యాండు కూడా పెట్టేశాను.

"అమ్మా, ఇంక వదులు" అంది పాప.

చూస్తే, జడ పైకెత్తి పట్టుకునే ఉన్నాను.