బుధనీ పాలు

జూన్ 9
విజయవాడ నుంచి ఎడిటర్ ఫోన్. నా పిల్లల నవల బాగుందట. మూడో అధ్యాయం తప్ప. మన జాలర్లు ఈ దీవుల్లో ఓడ దిగిన కొత్తలో ఒక బాలింత జ్వరంతో పడిపోతే, రాంచీ నుంచి వచ్చిన కూలీ బుధనీ తన కూతురితో పాటు ఆ జాలరి పసిగుడ్డుకీ పాలిచ్చిన అధ్యాయం. "స్కూళ్లు కొనవు మేడమ్, కులాల గొడవ. ఆవుపాలు అని మార్చేయండి, చాలు."
ఆవుపాలట. అప్పటి మిన్నీ బే ఒడ్డున గుడిసెలూ వలలూ తప్ప ఏముంది? ఆవు ఈదుకుంటూ వచ్చిందా?
మార్చకపోతే పుస్తకం వెయ్యరు. అదీ చెప్పాడు, తియ్యగా.

జూన్ 10
క్లాసులో పాఠం చెబుతున్నా నోరంతా చేదు. తెలుగు పిల్ల, రాంచీ పిల్ల, బెంగాలీ పిల్లాడు — ఒకే డబ్బాలో చేపల కూర తింటున్నారు. వీళ్ల కోసమే కదా రాసింది... వీళ్లకి ఆవు కథ చెప్పాలట.

జూన్ 12
అమ్మకి చెప్పాను. ఆ పసిగుడ్డు అమ్మే. ఎడిటర్ని తిట్టిపోస్తుందనుకున్నా.
"మార్చీయే. నాను తాగలేదన్నానేటి? అచ్చేసి మనోళ్లందరికీ పంచాలేటి?"
మరి మౌసీ? బుధనీ కూతురు సుక్మణి మౌసీ, అమ్మతో పాటు ఆ పాలే తాగి పెరిగిన మనిషి, అమ్మకి అక్కలాంటిది.
"దానికి తెలుగు సదవడం రాదు. తెలీదులే."
ఛీ. అమ్మ నోట ఆ మాట. టీ సింకులో పారబోశాను.

జూన్ 13
రోత. ఇంకేం రాయను.

జూన్ 15
డైరీ ఫార్మ్ పేట నుంచి మౌసీ వానలో తడుస్తూ వచ్చింది. పుస్తకంలో బుధనీ ఉందని నేనే ఎప్పుడో చెప్పాను. "మా అమ్మ వచ్చే పేజీ చదువు బేటీ, హిందీలో చెప్పు."
చదివాను. ఉన్నదున్నట్టే. బుధనీ చేతులు కడుక్కుని బిడ్డని అందుకునే చోట మౌసీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
వంటింట్లోంచి అమ్మ — "కహానీ హై దీదీ, కథ. అంతా ఇది కల్పించిందే."
మౌసీ అటు చూసింది. తర్వాత నవ్వి, "హా, కహానీ హీ తో హై" అంది. పెట్టిన టీ ముట్టుకోలేదు.
గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని — "ఆ పేజీ తీసేయ్ బేటీ. మీ అమ్మని ఇబ్బంది పెట్టకు."

జూన్ 16
"సూసావా, అదే తీసీమంది" అని అమ్మ. హాయిగా అన్నం కలుపుకుంటోంది. అమ్మని చూస్తే అసహ్యం... అలా అనిపించినందుకు నా మీద నాకూ అసహ్యం.
మౌసీ చెప్పిందని తీసేస్తే, అది మౌసీ మాట విన్నట్టా? అమ్మకి లొంగినట్టా?
ఎడిటర్ సాయంత్రంలోగా పంపమన్నాడు. బుధనీ ఉన్న పేజీ తెరిచి కూర్చున్నాను. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నా వెనకాల నిలబడింది.