గాల్లో కుడిచెయ్యి

ఫిబ్రవరి 3, మంగళవారం

మళ్ళీ సున్నా. ఎనిమిది సెకన్లూ ఎద్దు మీదే ఉన్నాను, అయినా సున్నా. ఎడమచెయ్యి తాడులో, కుడిచెయ్యి గాల్లో. గాల్లో చెయ్యి ఎద్దుకు తగిలితే సవారీ లెక్కలోకి రాదు. నాది తగిలిందట. ఎప్పుడు తగిలిందో నాకే తెలియదు. అందుకే ఒళ్ళు మండిపోతోంది.

ట్రైనర్ మార్కోస్ అరవలేదు. "డర్‌తా హై తూ" అన్నాడు. బ్రెజిల్ వాడికి ఈ హిందీ నేర్పింది మేమే. నల్లోడనే ఈ ఎద్దుకు భయపడతానా నేను... ఎద్దుల మధ్య పెరిగినవాణ్ణి.

ఫిబ్రవరి 4

రంజాన్ ముందు ఆఖరి ఆట పదమూడున. అందులో లెక్కకొచ్చే సవారీ ఒక్కటి చేస్తే జట్టులో ఉంటాను. లేదంటే రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు. మళ్ళీ స్కఫోల్డింగ్ పైపులు మొయ్యడం. మూడు సీజన్లు, విరిగిన పక్కటెముకలు — అంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఫిబ్రవరి 5

మార్కోస్ ఫోన్లో వీడియో చూపించాడు. నెమ్మదిగా, వెనక్కి తిప్పి తిప్పి. నా మడమ నల్లోడి డొక్కకు గుద్దుకుంటుంది. వెంటనే కుడిచెయ్యి దిగుతుంది. మూపురం తాకుతుంది. నా కళ్ళ దగ్గరికి వెళ్తుంది.

దండం. కాలు తగిలిందని, అంత కుదుపులోనూ దండం పెట్టుకుంటున్నాను.

ముందు నవ్వొచ్చింది. తర్వాత మళ్ళీ చూపించమన్నాను. భయమైతే అణచుకోవచ్చు. దీన్నేం చెయ్యను? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాకున్నదేమో వారం.

మార్కోస్‌కు విప్పి చెప్పాను. విన్నాడు. "మేరే బైల్ పే యే సబ్ మాఫీ." ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు, కుదరదు అని.

ఫిబ్రవరి 6

అమ్మ ఫోన్. ఆమెకు ఈ ఎడారి దేశాలన్నీ దుబాయే. "దుబాయ్ల గిదేం కొలువురా సాయిలూ, బసవన్న మీదెక్కుడు... కాలు తగిలితె మొక్కుతున్నవా లేదా?"

"మొక్కుతున్ననే అమ్మా. గదే తిప్పలు."

ఆమెకు అర్థం కాలేదు.

ఫిబ్రవరి 8

భూమన్న కాకకు చెప్పుకున్నాను. ఇక్కడ ఎద్దులకు మేతా నీళ్ళూ చూసే పెద్దాయన, ఊరు మా పక్క మండలమే. "ముందుగాల్నే మొక్కు బిడ్డా. ఎక్కకముందే తప్పు ఒప్పుకో. అటెంక చెయ్యి దిగది."

నల్లోడు గేటు లోపల ఉండగానే మొక్కాను. ఎక్కాను. మడమ తగిలింది — చెయ్యి దిగింది.

నా చెయ్యి మీద నాకే కోపం. నరికి పారెయ్యాలన్నంత.

ఫిబ్రవరి 9

ఎద్దు లేదు. తాళ్ళతో వేలాడదీసిన పీపా మీద సాధన. నలుగురు ఊపుతారు. చెయ్యి కాస్త దిగితే చాలు, మార్కోస్ కర్ర మోచేతి కింద పడుతుంది. "యల్లా, ఊపర్." కానీ, పైకి అని. మళ్ళీ. "ఊపర్..."

ఫిబ్రవరి 11

ఒక్కసారీ దిగలేదు!

మోచెయ్యి వాచింది. అన్నం ఎడమచేత్తో తిన్నాను. కాక చూశాడు. సిగ్గేసింది.

ఫిబ్రవరి 12

రేపే.

ఫిబ్రవరి 13, శుక్రవారం

గేటు తీశారు. నల్లోడు ఎడమకు తిరిగాడు, ఆగాడు, ఒక్కసారిగా కుడికి. మడమ తగిలింది... తగిలింది... చెయ్యి పైనే. గంట మోగింది. పడ్డాను. నోటి నిండా ఇసుక. తల ఎత్తితే బోర్డు మీద అంకె — సున్నా కాదు.

జట్టులో ఉన్నాను. మార్కోస్ నన్నెత్తి గిరగిరా తిప్పాడు. అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను.

ఫిబ్రవరి 14

క్యాంప్ బస్సు. సీటు దొరకలేదు, కాక పక్కన నిలబడ్డాను. డ్రైవర్ బ్రేక్ కొట్టాడు. నా బూటు కాక కాలికి గట్టిగా తగిలింది.

ఆయన తల ఎత్తాడు. నా ముఖం కాదు, కుడిచెయ్యి చూశాడు.

అది పైన కడ్డీ పట్టుకుని ఉంది. కదల్లేదు.

తర్వాత గుర్తొచ్చింది. వంగి, ఆయన మోకాలు తాకి కళ్ళకద్దుకున్నాను. అప్పటికే కాక కిటికీ వైపు తిరిగాడు.

"నొచ్చిందా కాకా?"

"లేదు బిడ్డా."



రేపు కొత్త ఎద్దు వస్తుందట. నీ చేతి గురించి ఇక బెంగ లేదంటున్నాడు మార్కోస్.