ఆల్బీ పడుకున్న చోటు

సైనిక శిక్షణ శిబిరం, విక్టోరియా
1916 జూలై 9, ఆదివారం

ప్రియమైన హెస్టర్ అక్కకి,

తమ్ముడు రెజ్ ప్రేమతో రాసేది. నేనిక్కడ కులాసా. నువ్వూ, బావా, పిల్లలూ, ఇవాళో రేపో ఈనబోయే మన ఎర్రావూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు అల్లి పంపిన మేజోళ్ళు అందాయి. ఒకటి నా కాలికీ, రెండోది ఏనుగు కాలికీ సరిపోతాయి. అయినా రెండూ తొడుక్కునే రాస్తున్నాను, ఇక్కడి జూలై చలి అలాంటిది.

నన్ను వేరే గుడారంలోకి మార్చారు. నడిమి గుంజ వైపు కాళ్ళు పెట్టుకుని చుట్టూ పడుకుంటాం. వీళ్ళందరూ ఒకరిమీద ఒకరు ఇరుక్కుని పడుకుంటూ, తలుపు ఎదురుగా ఒక చోటు మాత్రం వదిలేశారు. కొత్తవాణ్ణి కదా, నాకు అదే ఇచ్చారు. అది ఆల్బీ టర్వీ చోటట. గిప్స్‌లాండ్ కుర్రాడు, పంతొమ్మిదేళ్ళు. పోయిన నెల మెదడువాపు జ్వరంతో చనిపోయాడు. యుద్ధం మొహమైనా చూడకుండా పోయాడు పాపం.

ఎలా పోయాడో నా పక్కన పడుకునే బ్లూయీ చెప్పాడు. మనవాళ్ళ అలవాటు నీకు తెలుసుగా, పొద్దున హాజరు పిలిచేటప్పుడు ఎవడైనా లేకపోతే పక్కవాడు వాడి పేరుకి పలికేస్తాడు. ఆల్బీకి తలనొప్పి పట్టుకుంది. ఒంట్లో బాగాలేదని తెలిస్తే యుద్ధానికి వెళ్ళే ఓడ ఎక్కనివ్వరని, ఒరే, నా పేరుకి పలకండిరా, రెండ్రోజుల్లో లేచి తిరుగుతాను అని బతిమాలాడట. వీళ్ళు పలికారు. సార్జెంటు మెక్‌గ్లిన్ కనిపెట్టేసరికి వాడి మెడ కొయ్యబారిపోయింది. అప్పటినుంచి ఒకడి పేరుకి ఇంకొకడు పలికితే తోలు తీస్తానని సార్జెంటు హుకుం. ఆయన చెప్పనక్కర్లేదు, ఇక్కడ ఇంకెవడూ పలకడు.

ఇప్పుడు నవ్వకుండా చదువు. ఆల్బీ పక్కంతా కాల్చేశారు, నాది కొత్త గడ్డి పరుపు. అయినా బయట మంచు గడ్డకట్టిన పొద్దున, అందరి పక్కలూ చెమ్మగిల్లి ఉంటే, నా పక్క మాత్రం ఒక అంచున వెచ్చగా ఉంటుంది, ఎవరో పడుకుని అప్పుడే లేచి వెళ్ళినట్టు. బ్లూయీకి చెబితే ఎగతాళి చేస్తాడనుకున్నాను. కాస్త ఇటు జరిగి పడుకోరా, వాడికి చోటివ్వు, అన్నాడు. అంతే.

నిన్న హాజరు పిలుస్తుంటే సార్జెంటు నోరు అలవాటు కొద్దీ టర్వీ అనేసింది. ఉన్నాను సార్ అని వెనక వరుసలోంచి జవాబొచ్చింది. ఎవడ్రా ఆ వెధవ అంటూ ఆయన ఒక్కొక్కడి మొహంలో మొహం పెట్టి అడిగాడు. నేను కాదంటే నేను కాదన్నారు. తర్వాత ఆయన పైపు వెలిగించుకోబోయి అగ్గిపుల్లలన్నీ నేల పాలు చేశాడు. నాకు భయం వేసింది అక్కా, నీ దగ్గర దాచుకోవడం దేనికి.

అన్నట్టు, నాకూ నిన్నటినుంచి కాస్త తలనొప్పి. కంగారుపడకు. గురువారం ఓడ. ఇప్పుడు బయటపెడితే వీళ్ళంతా వెళ్ళిపోతారు, నేనిక్కడ వంటపాకలో గిన్నెలు తోముకుంటూ ఉండిపోతాను. రేపు పొద్దున నా పేరుకి పలకరా అని బ్లూయీని అడిగాను. నేను చచ్చినా పలకను, నువ్వు చచ్చినా పలకను, అని మొహం తిప్పుకున్నాడు. మిగిలినవాళ్ళూ అంతే. ఎలాగో ఒకలా లేచి నిలబడాలి. దీపం వైపు చూస్తే కళ్ళలో పోట్లుగా ఉంది, ఇక ఆపుతాను.

పిల్లలకి ముద్దులు.

నీ తమ్ముడు
రెజ్ పాస్కో

తా.క. జూలై 17. నేను బతికే ఉన్నాను, ముందు అది చదువు. ఈ ఉత్తరం బ్లూయీ దగ్గర ఉండిపోయింది. వాడు ఓడెక్కబోతూ ఇక్కడి నర్సుకిచ్చి వెళ్ళాడు. అంటురోగాల ఆసుపత్రిలో ఉన్నాను.

ఆ ఉత్తరం రాసిన మర్నాడు పొద్దున లేవలేకపోయాను. కేకేద్దామంటే గొంతు పెగల్లేదు. మైదానంలో సార్జెంటు పాస్కో అని పిలవడం వినబడింది. ఉన్నాను సార్ అని వెంటనే ఎవరో పలికారు. నేను కోరుకున్నదే కదా అక్కా, కానీ ఆ మాట వినగానే అర్థమైపోయింది. ఇక నాకోసం ఎవరూ రారు.

అంతలో బూట్ల చప్పుడు. సార్జెంటు హాజరు పట్టీ బురదలో పారేసి పరుగెత్తుకొచ్చాడు. ఇంకో పూట గడిచి ఉంటే లాభం లేకపోయేదని డాక్టరు అన్నాడు. వరుసలో ఎవడి పెదవీ కదల్లేదని బ్లూయీ నర్సుతో ఒట్టేసి చెప్పాడట.

నిన్న సార్జెంటు చూడ్డానికొచ్చాడు. లోపలికి రానివ్వరు కదా, టోపీ చేత్తో పట్టుకుని కిటికీ అవతల నిలబడ్డాడు. నా పేరుకి ఎవరో పలికారు కదా సార్, మరి ఎందుకు పరుగెత్తుకొచ్చారు అని అడిగాను. మూడు నెలలు రోజూ విన్న గొంతు, నాకు తెలియదా అన్నాడు. పక్కవాడి కోసం పలికేవాడు గొంతు మార్చి పలుకుతాడట. ఆల్బీ తన గొంతుతోనే పలికాడట. వాడు నిన్ను దాచడానికి పలకలేదురా అబ్బాయ్, పట్టివ్వడానికి పలికాడు, అన్నాడు.